సిర్కా

పంతొమ్మిదేళ్లు ఆ సీసా బియ్యం డబ్బాలో పడుకుంది,
పాత లుంగీ చుట్టుకొని, మెడ దాకా సోనా మసూరిలో మునిగి.
షార్జాల గదులు మారినం, డబ్బా మారలే.
రాజోలు ఏసుదాసుది అది.
దుబాయి హోటల్లో పక్కలు సర్దే రోజుల్లో
ఎవరో ముసలి దొరసాని గది ఖాళీ చేస్తూ చేతిలో పెట్టిందట.
"మీ మూడు నెలల జీతమండోయ్ దీని ఖరీదు" అనేటోడు.
బొద్దింకను కూడా మీరు అంటడు వాడు.
నా జీతం పెరగలే గానీ
ఏటేటా సీసా ఖరీదు పెరిగింది.

దేనికి దాస్తున్నవ్ అంటే, మంచి రోజు రావాలండీ అనేటోడు.
కొడుక్కి ఉద్యోగమొచ్చింది. ఇది కాదన్నడు.
నా గుండెల స్టెంటు వేసి బతికించిన్రు. ఇదీ కాదన్నడు.
(అప్పుడు కొంచెం కోపమొచ్చింది నాకు.)
నలభై దిర్హాముల కాడ పదకొండు నెలలు మాటల్లేవు మాకు,
ఒక్క మంచం మీదనే, వాడు పైన, నేను కింద.
ఆ నెలల్ల బియ్యం తీస్తుంటే
వేళ్లకు దాని మెడ తగిలేది.
చెయ్యి వెనక్కి గుంజుకునేటోన్ని.

ఆఖరికి వచ్చిన మంచి రోజు ఏదంటే
వాడి వీసా క్యాన్సిలయిన రోజు.

నిన్న రాత్రి దస్తగిరి సన్నీ కారుల
ఉమ్మల్ కువైన్ సముద్రం దాకా పోయినం.
రాయచోటి దస్తగిరి చుక్క ముట్టడు.
మేం తాగినన్నాళ్లూ విమ్టో తాగి
మమ్మల్ని ఇంటికి మోసిన మనిషి.
దారిల పోలీసు బండి కనబడితే
సీసా ఒళ్లో పెట్టుకున్నోళ్లం మేం గమ్మునున్నం,
వాడే కలిమా చదివిండు.

మడ చెట్ల పక్కన పాత పేపరు పరిచినం.
మూత తీసే పనిముట్టు లేదు.
ఏసీ మెకానిక్కును, స్క్రూడ్రైవరు నా ఆరో వేలు.
బిరడా పొడిపొడిగ లోపలికే రాలింది.
దస్తగిరి టీ జల్లెడ తీసిండు జేబుల నుంచి.
ఎందుకు తెచ్చినవని అడగలే.

ఏసుదాసుకు తెలిసిన ద్రాక్షారసం
చర్చిల నెలకోసారి ఇచ్చే బొటనవేలంత గ్లాసు.
కండ్లు మూసి ప్రార్థన చేసిండు. తాగిండు.
నేనూ తాగిన.

చాలాసేపు సముద్రమే మాట్లాడింది.

"ఎలా ఉందండీ?"
ఏం చెప్పాలె?
పంతొమ్మిది ఎండాకాలాలు మాతోనే ఉడికింది అది.
కంప్రెసరు కాలిన ఆ ఆగస్టుల
ఊరందరి ఏసీలు చేసొచ్చి
మా గదిది మూడు రోజులు వాయిదా వేసింది నేనే.
"నేరేడు పండు" అన్న.
"ఊఁ."
"ఎనకాల కొంచెం పాత వాన."
"ఊఁ."
"ఇంకా, ఒక రకం..."
"చింతపండురా పోశెట్టీ. పోపు పెట్టడమే తరువాయి."

ఇగ నవ్వు ఆగలే.
యాభై ఆరేండ్ల మనిషి ఇసుకల దొర్లుతుంటే
స్టెంటు ఉన్న చోట చెయ్యి అదిమిపట్టుకొని నేను.
నడుమ ఎక్కడో వాడి నవ్వు దారి తప్పింది.
చీకటే కదా, చూడనట్టే ఉన్న.

దస్తగిరి నా కప్పు వాసన చూసిండు. మళ్లీ చూసిండు.
"ఏందప్పా, ఇది మందు గాదే, సిర్కా!
దానంతట అది సిర్కా అయిపోతే తప్పులేదని
మా దాదా చెప్తాండె."
విమ్టో ఇసుకల పారబోసి కప్పు చాపిండు.

మూడు కప్పులు తగిలించినం.
కాగితం కదా, చప్పుడు రాలే.
వాడు మింగి, మొహమంతా ముడుచుకొని
"దీనికోసమా మీరు ఇన్నేండ్లు?" అన్నడు.
ఇంకొంచెం పొయ్యమన్నడు.
మిగిలిన దాంట్ల ఉల్లిగడ్డ ముంచుకొని
ఖుబూసు తిన్నం.

పొద్దున ఎయిర్‌పోర్టుల తూకం
ముప్పై కిలోల మీద ఏడు వందల గ్రాములు.
బ్యాగు విప్పి, చొక్కాల నడుమ నుంచి
ఖాళీ సీసా తీసి నా చేతికిచ్చిండు.
"ఉంచండి" అన్నడు.

సాయంత్రం వాడి మంచం మీదికి
ఆర్మూరు పిల్లగాడు దిగిండు.
వంట వాడి వంతు. డబ్బాల చెయ్యి పెట్టి
"అన్నా, బియ్యంల ఏదో గుంత ఉందే" అన్నడు.
సదునుజేసి వండు అన్న.